పెద్దబడి, చిన్నబడి: యంత్రానికి ఏవి ఒకటి, ఏవి వేరు?

పలాస రైల్వే స్టేషనులో రిజర్వేషను కిటికీ వద్దకు వెళ్ళిన ప్రయాణికుడు ముందుగా ఒక దరఖాస్తు కాగితము నింపవలెను. పేరును పెద్ద అక్షరాలలో, పదిహేను అక్షరాలకు మించకుండా వ్రాయవలెనని ఆ కాగితము కోరుతుంది. మందస నుండియో, కవిటి నుండియో, వజ్రపుకొత్తూరు నుండియో వచ్చి, చెన్నపట్టణానికో హైదరాబాదుకో పనికి పోతున్న మనిషి ఆ నియమమును గమనించక చిన్న అక్షరాలలోనే వ్రాసి ఇచ్చినా, కిటికీకి ఆవలనున్న గుమాస్తా అభ్యంతరము చెప్పడు. మీటలు టకటక నొక్కుతాడు. టిక్కెట్టు మీద పేరు పెద్ద అక్షరాలలోనే వస్తుంది. రైలు ఎక్కుటకు ఆటంకమేమీ వుండదు.

అదే మనిషి ఆ సాయంత్రము కాశీబుగ్గ బజారులో ఒక కంప్యూటరు దుకాణానికి వెళ్ళి, తన తండ్రి ఆధార్ పత్రమును అచ్చు తీయించదలచాడనుకొందాము. తండ్రికి మూత్రపిండాల జబ్బు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన మూత్రపిండాల ఆసుపత్రికి మరునాడు వేకువనే తీసుకొని పోవలెను. పత్రము తెరమీదకు వచ్చింది, కాని దానికి తాళము వున్నది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెంట పుట్టిన సంవత్సరము: ఇదే దాని సంకేతపదము, అనగా పాస్‌వర్డు. రామారావు, 1975 అయితే ఆర్-ఏ-ఎం-ఏ-1-9-7-5 అన్నమాట. అతడు అట్లే కొట్టాడు. తెరుచుకొనలేదు. మరల కొట్టాడు. తెరుచుకొనలేదు. ఆధారులోనే పేరు తప్పు పడి వుంటుందని దిగులుపడి, దుకాణము కట్టివేసే వేళకు వట్టి చేతులతో ఇల్లు చేరాడు.

పేరు తప్పు కాదు. సంవత్సరమూ తప్పు కాదు. ఆ నాలుగు అక్షరాలు పెద్దవి కావలెను. అతడు కొట్టినవి చిన్నవి. ఉదయము ఒక యంత్రము రెండింటినీ ఒకటిగా తీసుకొన్నది. సాయంత్రము మరొక యంత్రము వాటిని రెండుగా చూచింది. ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము వెదుకుతూ పోతే అరువది యేండ్ల కంప్యూటరు చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టము మన కంటబడుతుంది. అంతేకాదు, మన పేర్లు, మన ఊళ్ళ పేర్లు ఆ యంత్రాల నోట పడి ఏమవుతున్నవో కూడా తెలుస్తుంది.

మన తెలుగు లిపిలో ఈ చిక్కు లేదు. 'క' ఎక్కడ వ్రాసినా 'క'యే. వాక్యము మొదట వచ్చినదని దానికి పెద్ద రూపము, మధ్యలో వచ్చినదని చిన్న రూపము లేవు. ఇంగ్లీషు అక్షరాలకు మాత్రము రెండేసి రూపాలు వున్నవి. మన పాఠశాలలలో వాటిని అచ్చువి రెండు, కలిపి వ్రాసేవి రెండు, వెరసి నాలుగు బడులుగా నేర్పేవారు. పెద్దబడి, చిన్నబడి అన్న మాటలు అక్కడివే. ఇంగ్లీషువారి పేర్లు అచ్చుకూటాల నుండి వచ్చినవి. అక్షరాలు పేర్చే పనివాని ఎదుట రెండు పెట్టెలు వుండేవి. పై పెట్టెలో పెద్ద అక్షరాలు, క్రింది పెట్టెలో చిన్న అక్షరాలు. ఇప్పటికీ ఇంగ్లీషులో వాటిని పై పెట్టె, క్రింది పెట్టె అనియే వ్యవహరిస్తారు.

అచ్చుకూటములో రెండు పెట్టెలు వున్నవి గాని తంతి తీగమీద ఒక పెట్టెకే చోటు దొరికింది. మోర్సు సంకేతాలలో ప్రతి అక్షరానికీ చుక్కలూ గీతలూ వున్నవి; అది పెద్దదో చిన్నదో తెలిపే గుర్తు లేదు. తరువాత వచ్చిన టెలిప్రింటరు ప్రతి అక్షరమునూ అయిదు విద్యుత్ స్పందనలతో పంపేది. అయిదింటితో ఏర్పడే కలయికలు ముప్పది రెండు మాత్రమే. ఇరవై ఆరు అక్షరాలకు పోగా అంకెలకే చోటు చాలక, అక్షరాల నుండి అంకెలకు మారుటకు ప్రత్యేకముగా ఒక సంకేతము పెట్టుకొనవలసి వచ్చింది. ఇంక రెండవ బడికి తావెక్కడిది? ఆకాశవాణి వార్తావిభాగాలలో పనిచేసిన మా పెద్దలు చెప్పేవారు: టెలిప్రింటరు నుండి వచ్చే ఇంగ్లీషు వార్త అంతా పెద్దబడిలోనే వుండేదట. ఒక మాట మనిషి పేరో, మామూలు మాటో సందర్భమును బట్టి పోల్చుకొనవలసి వచ్చేదట.

రైల్వే స్టేషన్లకు వున్న పొట్టి పేర్లు కూడా ఆ తంతి కాలపు సంతానమే. పలాస పీ-ఎస్-ఏ, నౌపడా ఎన్-డబ్ల్యూ-పీ, సోంపేట ఎస్-పీ-టీ, ఇచ్ఛాపురము ఐ-పీ-ఎం. ఒక స్టేషను నుండి మరొక స్టేషనుకు తీగమీద వేగముగా వార్త పంపుటకు ఏర్పడిన ఈ గుర్తులు తంతి పోయినా పోలేదు. మన దేశములో ప్రజల టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసింది. స్టేషను గుర్తులు మాత్రము ఈనాటికీ టిక్కెట్ల మీద, సెల్‌ఫోను తెరలమీద పెద్దబడిలో నిలిచి వున్నవి.

కంప్యూటర్లు పుట్టేనాటికి కార్యాలయాలలో చిల్లులు పొడిచిన అట్టల మీద లెక్కలు నడుస్తూ వుండేవి. ఒక్కొక్క అట్టలో ఎనభై నిలువు వరుసలు. ఒక్కొక్క వరుసలో ఒక అక్షరము, లేదా ఒక అంకె. అక్కడా వాడుకలో వున్నది పెద్దబడియే. తొలినాటి ప్రోగ్రాములు, ఆజ్ఞలు అన్నీ పెద్దబడిలో వ్రాసినవే. వాటికి చిన్నబడి అనేది ఒకటి వున్నదనియే తెలియదు.

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సంస్థ సిస్టం-360 అను యంత్రాల వరుసను ప్రకటించింది. మెయిన్‌ఫ్రేము అని పిలువబడే మహాయంత్రాలకు ఇది మూలపురుషుడు వంటిది. ఇందులో ప్రతి అక్షరానికీ ఎనిమిది మీటల వరుస వుంటుందని ఊహించండి. ఒక్కొక్క మీట విలువ క్రమముగా 128, 64, 32, 16, 8, 4, 2, 1. వేసిన మీటల విలువలు కూడితే ఆ అక్షరము సంఖ్య వస్తుంది. ఇట్లు ఏర్పడే కలయికలు 256. కావున పెద్దబడికీ చిన్నబడికీ రెండింటికీ చోటు దొరికింది. చిన్నబడి ఏ సంఖ్య 129. అంటే 128, 1 మీటలు వేసి వున్నవి. పెద్దబడి ఏ సంఖ్య 193. అంటే 128, 64, 1. రెండింటికీ భేదము 64 మీట ఒక్కటే. బీ నుండి జెడ్ వరకు అన్ని అక్షరాలకూ ఇదే నియమము.

అయితే చోటు దొరికినంత మాత్రాన పాత ప్రోగ్రాములు మారిపోవు గదా! గుమాస్తా చిన్నబడిలో ఆజ్ఞ కొడితే, పెద్దబడి మాత్రమే ఎరిగిన ప్రోగ్రాము దానిని గుర్తించదు. ఇందుకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయము చాల సులభమైనది. లోనికి వచ్చిన ప్రతి అక్షరములోనూ 64 మీట వేసివేయుట. చిన్నబడి అయితే పెద్దబడి అవుతుంది. పెద్దబడి అయితే ఆ మీట ముందే వేసి వున్నది గనుక మార్పు వుండదు. అంకెల సంఖ్యలు 240 నుండి 249 వరకు. వాటిలోనూ 64 మీట ముందే వేసి వున్నది గనుక అవీ చెక్కుచెదరవు. ఇందులో ఒక చమత్కారము కూడా వున్నది. మాటకూ మాటకూ మధ్య విడిచే ఖాళీకి ఐబీఎం వారి పట్టికలో సంఖ్య సరిగా 64. కనుక ఒక వాక్యము మీద ఖాళీలను పరచి, ఏ మీట ఏ వైపున వేసి వున్నా దానిని వేసినట్లే వుంచమంటే చాలు, వాక్యమంతా పెద్దబడి అయిపోతుంది.

మిగిలిన కంప్యూటర్లు ఎక్కువగా అనుసరించిన ఆస్కీ పట్టిక 1963లో వెలువడింది. 1967 సవరణతో అందులో చిన్నబడి చేరింది. దానిలో పెద్దబడి ఏ 65, చిన్నబడి ఏ 97. భేదము 32. ఖాళీ సంఖ్య కూడా 32. కాని ఇక్కడ ఆ మీట వేస్తే వచ్చేది చిన్నబడి. ఒక పట్టికలో ఖాళీలు పరచిన వాక్యము పెద్దదవుతుంది, మరొక పట్టికలో చిన్నదవుతుంది. రెండు సంప్రదాయాల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేటప్పుడు ఎంత జాగ్రత్త కావలెనో దీనిని బట్టి ఊహించవచ్చును.

ఇక టెర్మినలు సంగతి. మహాయంత్రము ఒక గదిలో వుంటుంది. పనివారు దూరాన తెర, మీటల పలక కలిగిన టెర్మినళ్ళ ముందు కూర్చుంటారు. 1971లో ఐబీఎం 3270 అను టెర్మినళ్ళ కుటుంబమును తెచ్చింది. వీటి పని తీరు మన రిజర్వేషను కాగితమును పోలి వుంటుంది. మహాయంత్రము ఖాళీ గళ్ళు గల ఒక తెరను పంపుతుంది. గుమాస్తా ఆ గళ్ళను నింపుతాడు. నింపుతున్నంతసేపూ మహాయంత్రానికి ఏమీ తెలియదు. ఎంటరు మీట నొక్కినప్పుడే గళ్ళలోనిది ఒక్కమారుగా పోతుంది. మరి ఈ ప్రయాణములో చిన్నబడిని పెద్దబడిగా మార్చేది ఎవరు? మూడు చోట్ల మార్చవచ్చును.

మొదటిది టెర్మినలు. కొన్ని టెర్మినళ్ళకు తెరను ఒకే బడిలోగాని, రెండు బడులలోగాని చూపించే మీట వుండేది. ఒకే బడిలో పెడితే అన్నీ పెద్ద అక్షరాలుగానే కనబడేవి. కాని ఇది కంటికి మాత్రమే. లోపల దాచినది చిన్నబడిలోనే వుండేది. పనివాడు తెరమీద పెద్దబడి చూచి నిశ్చింతగా వుంటాడు. తరువాత ఎవరో ఆ పేరు కొరకు వెదికితే దొరకదు. అటువంటి పొరపాటును పట్టుకొనుట కష్టము. కన్ను ఒకటి చెబుతుంది, యంత్రము మరొకటి చెబుతుంది.

రెండవది నడుమ వున్న ద్వారపాలకుడు. వేలాది టెర్మినళ్ళ నుండి వచ్చే పనులను అందుకొని పంచిపెట్టే సిక్స్ అను ప్రోగ్రాము బ్యాంకులలో, బీమా సంస్థలలో ప్రపంచమంతటా వాడుకలో వున్నది. దీనిలో ఒక్కొక్క టెర్మినలుకు మూడు విధాలలో ఒక ఏర్పాటు చేయవచ్చును. వచ్చినదంతా పెద్దబడి చేయుట, దేనినీ మార్చకుండుట, మొదట వచ్చే పనిపేరును మాత్రము గుర్తించుటకై పెద్దబడి చేసి మిగిలినది వున్నది వున్నట్లు విడిచిపెట్టుట. ఈ మూడవ ఏర్పాటులోనే అసలు కిటుకు వున్నది. ఆజ్ఞ వేరు, సమాచారము వేరు. ఆజ్ఞను ఏ బడిలో ఇచ్చినా అర్థము ఒక్కటే. సమాచారము అట్లు కాదు. అది మనిషి పేరు కావచ్చును, ఉత్తరము కావచ్చును. దానిని ముట్టుకొను హక్కు ద్వారపాలకునికి లేదు.

మూడవది ఆజ్ఞలను చదివే ప్రోగ్రాము. అది ఆజ్ఞను తానే పెద్దబడి చేసుకొని తన జాబితాతో పోల్చుకొంటుంది. మహాయంత్రముపై వ్రాతపని చేసే తెరలలో 'క్యాప్స్ ఆన్', 'క్యాప్స్ ఆఫ్' అను రెండు ఏర్పాట్లు కూడా వున్నవి. మొదటిది పెడితే వ్రాసినదంతా పెద్దబడి అవుతుంది; రెండవది పెడితే వ్రాసినది వ్రాసినట్లు నిలుస్తుంది.

పలాస జీడి కర్మాగారాలలో ఈ విచక్షణ నిత్యము జరిగేదే. పప్పును గుండ్లుగా, బద్దలుగా, ముక్కలుగా వేరు చేస్తారు. గుండ్లలోనూ పౌనుకు ఎన్ని తూగుతవో చూచి 180, 240, 320 అని రకాలు కడతారు. మిఠాయి కొరకు నూరి ముద్ద చేసేవానికి గుండూ బద్దా కలిసిపోయినా నష్టము లేదు. పెట్టెలో పెట్టి పంపే వర్తకునికి కలిపితే కొంప మునుగుతుంది. వేరుచేయుట మంచిదా, కలుపుట మంచిదా అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. అది దేనికొరకు అన్నదే ప్రశ్న.

మన రైల్వే రిజర్వేషను యంత్రాల చరిత్ర కూడా ఈ దారిలోనిదే. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలయింది. దానికి వాడినవి వ్యాక్స్ జాతి యంత్రాలు. ఇవి ఐబీఎం మహాయంత్రాల జాతివి కాకపోయినా పద్ధతి ఒక్కటే: నడుమ ఒక పెద్ద యంత్రము, కిటికీల వద్ద టెర్మినళ్ళు. 1994లో సికింద్రాబాదులో కాన్సర్ట్ అను కొత్త ప్రోగ్రాము ప్రవేశపెట్టారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిసినవి. ఏ ఊరి కిటికీ నుండి అయినా మరే ఊరి నుండి బయలుదేరే రైలుకైనా టిక్కెట్టు దొరకుట దీని ఫలితమే. ఆ వ్యాక్స్ యంత్రాల ఆజ్ఞాభాషకు ఒక చక్కని నియమము వున్నది. మామూలుగా కొట్టిన ఆజ్ఞను అది పెద్దబడి చేసుకొంటుంది. ఉల్లేఖన చిహ్నాల నడుమ పెట్టినదానిని మాత్రము తాకదు. 'ఇది నా సొంత మాట, మార్చవద్దు' అని మనిషి యంత్రానికి చెప్పుకొనుటకు అది ఒక సౌకర్యము.

సాయంత్రపు యంత్రము వంశము వేరు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో యూనిక్స్ అను వ్యవస్థ పుట్టింది. దాని కర్తలు చిన్నబడిని ఆదరించారు. అంతటితో ఆగక, రెండు బడులనూ వేర్వేరుగా చూడవలెనని నిశ్చయించారు. యూనిక్స్‌కు పెద్దబడి ఏ ఒక అక్షరము, చిన్నబడి ఏ మరొక అక్షరము. అయితే ఆనాడు చాలచోట్ల వున్న టెలిటైపు యంత్రాలకు చిన్నబడియే లేదు. అందుకని మరొక ఏర్పాటు చేశారు. లోనికి రాగోరిన మనిషి తన పేరును పూర్తిగా పెద్దబడిలో కొడితే, పాపము ఇతని యంత్రానికి చిన్నబడి లేదని యూనిక్స్ భావించి, ఆపైన వచ్చినదంతా తానే చిన్నబడి చేసుకొనేది. నిజముగా పెద్ద అక్షరమే కావలెనంటే దాని ముందు ఒక వాలుగీత పెట్టవలెను. ఈనాడు మన చేతులలోని సెల్‌ఫోన్లలోనూ, ప్రభుత్వ సేవలు నడిపే యంత్రాలలోనూ అధిక భాగము ఈ యూనిక్స్ సంప్రదాయానికి చుట్టాలే.

సంకేతపదాల విషయములో వేరుచేయుటకు మరొక బలమైన కారణము వున్నది. పెద్దబడి అక్షరాలు ఇరవై ఆరు, అంకెలు పది, మొత్తము 36. వీటితో ఎనిమిది స్థానాల సంకేతపదాలు సుమారు 2 లక్షల 82 వేల కోట్లు ఏర్పడతవి. చిన్నబడి కూడా చేరితే గుర్తులు 62 అవుతవి; సంకేతపదాలు సుమారు 2 కోట్ల 18 లక్షల కోట్లు అవుతవి. దొంగకు వెదకవలసిన రాశి 77 రెట్లు పెరిగిందన్నమాట. ఐబీఎం మహాయంత్రాలు చాలకాలము సంకేతపదాలను కూడా పెద్దబడి చేసివేసేవి. 2005లో వెలువడిన వ్యవస్థతోనే రెండు బడులనూ వేరుగా చూచే ఏర్పాటు వచ్చింది.

ఇంతవరకు చెప్పినది ఇంగ్లీషు అక్షరాల గొడవ. మన భాషకు దీనితో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని వున్నది. 1990 దశకములో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో వున్న తెలుగువారు, తెలుగును ఇంగ్లీషు మీటలతో వ్రాసుకొనుటకు ఒక పద్ధతి ఏర్పరచారు. మన అక్షరాలు ఎక్కువ, వారి అక్షరాలు తక్కువ. ఆ లోటును పూడ్చుటకు వారు రెండు బడులనూ వినియోగించారు. చిన్నబడి టీ అయితే త, పెద్దబడి టీ అయితే ట. చిన్నబడి ఎన్ అయితే న, పెద్దబడి ఎన్ అయితే ణ. చిన్నబడి ఎల్ అయితే ల, పెద్దబడి ఎల్ అయితే ళ. చిన్నబడి ఏ హ్రస్వము, పెద్దబడి ఏ దీర్ఘము. ఇంగ్లీషువారికి అలంకారప్రాయమైన భేదము తెలుగువారి చేతిలో అర్థభేదమయింది.

ఇట్లు వ్రాసిన తెలుగును, బడిభేదము పాటించని యంత్రానికి ఇచ్చామనుకోండి. మన రేడియో శ్రోతలు నిత్యము కోరే 'పాత పాట' అను రెండు మాటలనే తీసుకొందాము. పెద్దబడి చేసేసరికి రెండూ పీ-ఏ-టీ-ఏ అయిపోతవి. పాత ఏదో, పాట ఏదో తెలియదు. కలకూ కళకూ భేదము పోతుంది. టెక్కలి తెక్కలి కావచ్చును, టెక్కళి కావచ్చును. టెక్కలి ఎరిగినవాడు సరిగా చదువుకొంటాడు. ఎరుగనివాడు ఏ దూరదేశపు కార్యాలయములోనో కూర్చుండి చదివితే?

ఇది ఊహకాదు. ఉద్దానము నుండి వెల్డింగు, ఫిట్టింగు పనులకు విదేశాలకు పోయేవారు వున్నారు. వారి పాస్‌పోర్టు ఫోటోపుటలో అడుగున, యంత్రము చదువుటకై నలుబది నాలుగేసి గుర్తుల పంక్తులు రెండు వుంటవి. అంతర్జాతీయ నియమము ప్రకారము అందులో వుండదగినవి పెద్దబడి అక్షరాలు, అంకెలు, ఖాళీని పూరించే కోణపు గుర్తు మాత్రమే. అక్కడ మన ట-త, ణ-న, ళ-ల భేదాలు ఏవీ మిగలవు. పలుకుబడిలో ఒకటే అయిన పేరు ఇంగ్లీషు వర్ణక్రమములో ఒక కాగితాన ఒక తీరున, మరొక కాగితాన మరొక తీరున పడితే, యంత్రము వారిని ఇద్దరు మనుష్యులుగా చూస్తుంది. పెద్దబడి, చిన్నబడి తేడాను అది కలుపగలదు. వర్ణక్రమములోని తేడాను కలుపలేదు. కావున పేరులోని అక్షరాలు అన్ని కాగితాలలోనూ ఒక్క తీరుగా వుండునట్లు మొదటనే చూచుకొనుట అవసరము.

ఈ బాధ మనకొక్కరికే కాదు. జపానులో మహాయంత్రాల పట్టిక ఒకదానిలో, ఇతర దేశాలవారు చిన్నబడి అక్షరాలను వుంచిన స్థానాలలో కతకానా లిపిని పెట్టుకొన్నారు. అమెరికాలో చిన్నబడిలో వ్రాసిన సందేశము అక్కడి తెరమీద అర్థము లేని కతకానాగా కనబడేది. తుర్కీ భాషలో చుక్క వున్న ఐ, చుక్క లేని ఐ రెండు వేర్వేరు అక్షరాలు. వారి నియమము ప్రకారము బడి మారిస్తే ఇంగ్లీషు ఆజ్ఞ కూడా తప్పిపోతుంది. అక్షరము పెద్దది చేయుట అనేది ఒక భాషా నియమమేగాని ప్రకృతి నియమము కాదని ఈ ఉదాహరణలు చాటుతున్నవి.

ఇందుకు మేలైన పరిష్కారము మన అక్షరాలను మన అక్షరాలుగానే వ్రాయుట. యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడి వున్నవి. తెలుగు అక్షరానికి పెద్దబడి రూపము లేదని ఆ పట్టికతో నడిచే ప్రోగ్రాములకు తెలుసు. పెద్దబడి చేయుమని ఆజ్ఞాపించినా, 'పాత పాట' పాత పాటగానే వుంటుంది.

అంతవరకు మన ఇళ్ళలో గుర్తుంచుకొనదగిన సంగతులు కొన్ని వున్నవి. స్టేషను గుర్తు, పాను సంఖ్య, బ్యాంకు శాఖ సంకేతము వంటివి పెద్దబడిలో వ్రాయుట ఆచారము. వీటిలో బడిభేదము వలన అర్థము మారదు. బ్యాంకు శాఖ సంకేతములో పదకొండు గుర్తులు వుంటవి. అయిదవది సున్న, ఓ అక్షరము కాదు. వెబ్‌సైటు పేరు ఏ బడిలో కొట్టినా ఒక్కటే. ఆ పేరు తరువాత వాలుగీత వచ్చి, దాని వెనుక వున్న భాగమును మాత్రము వున్నది వున్నట్లు కొట్టవలెను. సంకేతపదములో ప్రతి అక్షరానికీ బడి ముఖ్యమే. సెల్‌ఫోను తనంతట తానే మొదటి అక్షరమును పెద్దది చేయుట కద్దు. సంకేతపదము వ్రాసిన కాగితము నుండి చూచి కొట్టేటప్పుడు దానిని గమనించవలెను. కంప్యూటరు పలకమీద క్యాప్స్‌లాక్ దీపము వెలుగుతున్నదో లేదో చూడవలెను. ఆధార్ పత్రము తెరుచునప్పుడు నాలుగు అక్షరాలూ పెద్దబడియే.

మొదట చెప్పిన మనిషి మరునాడు ఆసుపత్రికి తండ్రిని ఎట్లాగూ తీసుకొని పోయి వుంటాడు. కాగితము లేక ఎంతసేపు నిలువవలసి వచ్చిందో, ఆనాటి కూలి పోయిందో మనకు తెలియదు. కాని అతడు తన అజ్ఞానము వలన ఇది జరిగిందని తల వంచుకొనవలసిన పని లేదు. ఏ భేదమును పాటించవలెనో, ఏ భేదమును విడువవలెనో ఎక్కడో ఎవరో ఒక ఇంజనీరు నిర్ణయించాడు. ఆ నిర్ణయమును కిటికీ దగ్గర నిలిచినవానికి ఒక్క పంక్తిలో, అతని భాషలో చెప్పి వుంటే సరిపోయేది. 'నాలుగు అక్షరాలూ పెద్దబడిలో కొట్టండి' అని దుకాణము గోడమీద తెలుగులో వ్రాసి అంటించుటకు పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. ఈ వ్యాసము చదివినవారిలో ఎవరికైనా అటువంటి దుకాణము వుంటే, ఆ పని రేపే చేయవచ్చును.